చిన్న పత్రికలో ఎడిటర్ పని: మండల వార్త చేతికొచ్చిన దగ్గర్నుంచి మరుసటి రోజు సవరణ దాకా

జిల్లా కేంద్రంలోనో, రెవెన్యూ డివిజన్ పట్టణంలోనో రెండు గదుల ఆఫీసు. డెస్క్‌లో ముగ్గురో నలుగురో. మండలానికో విలేకరి. ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మిగతా దినపత్రికలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు పెద్ద పత్రికల జిల్లా డెస్కులతోపాటు స్థానిక దినపత్రికలు, యూట్యూబ్ చానళ్లు, వెబ్ పోర్టళ్లు కూడా ఈ పనే చేస్తున్నాయి. వీటిలో దేనికైనా కొత్తగా ఎడిటర్‌గానో, డెస్క్ ఇన్‌ఛార్జిగానో కూర్చుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను.

చిన్న పత్రిక పాఠకుడికి వార్తలోని మనిషి తెలుసు. చనిపోయింది పెద్దనాన్న కొడుకు, అరెస్టయింది పక్కవీధి కుర్రాడు, సస్పెండయింది పిల్లలకు పాఠం చెప్పే మాస్టారు. ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పు పడినా ఊళ్లో వంద మందికి తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు ఎంత పెద్ద అవినీతి బయటపెట్టినా ‘పేరే సరిగ్గా రాయలేదు, ఇదేం రాస్తారు’ అంటారు. అందుకే ఈ కుర్చీలో భాష దిద్దే ముందు చేయాల్సిన పని, విలేకరికి ఫోన్ చేసి అడగడం. మిగతా పద్ధతులన్నీ ఆ ఫోన్ చుట్టూనే తిరుగుతాయి.

## మొదటి వారం: జాబితా తయారు చేసుకోండి

మీ పరిధిలోని మండలాలు, ప్రతి మండలంలోని పంచాయతీలు, వాటి శివారు పల్లెల పేర్లు ఒక షీట్‌లో రాయించండి. స్పెల్లింగ్ ఎవరి నోటికొచ్చినట్టు వాళ్లు రాయకుండా ఒకటే ఖాయం చేయండి. రామాపురాలు, వెంకటాపురాలు, కొత్తపల్లెలు మనకు లెక్కలేనన్ని ఉన్నాయి. మండలం పేరు లేకుండా ఊరి పేరు వేయకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి. తెలంగాణలో 2016లో, 2019లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. పాత అలవాటుతో విలేకరులు ఇప్పటికీ పాత జిల్లా పేరు రాసేస్తుంటారు. ఉమ్మడి జిల్లా అని చెప్పాల్సినప్పుడు ‘ఉమ్మడి’ అనే మాట తప్పకుండా ఉండాలి.

అదే షీట్‌లో తహసీల్దార్, ఎంపీడీవో, ఎంఈవో, ఎస్సై, విద్యుత్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్), పీహెచ్‌సీ డాక్టర్ నంబర్లు చేర్చండి. ఇవి విలేకరి ఫోన్లో ఉంటే చాలదు, డెస్క్‌లోనూ ఉండాలి. రాత్రి వచ్చిన కాపీలో (విలేకరి రాసి పంపిన వార్తలో) అనుమానం వస్తే మీరే నేరుగా మాట్లాడగలగాలి. ఇంకో లాభమూ ఉంది. డెస్క్ కూడా ఫోన్ చేస్తుందని తెలిస్తే విలేకరి ఇంకాస్త జాగ్రత్తగా రాస్తాడు.

ఫాంట్ సంగతి కూడా ఈ వారంలోనే తేల్చుకోండి. డీటీపీలో (పేజీ టైపింగ్‌లో) యూనికోడ్ కాని అనూ ఫాంట్లు వాడి, విలేకరులు వాట్సాప్‌లో యూనికోడ్‌లో పంపుతుంటే, కన్వర్టర్‌లో వత్తులు, అంకెలు ఎక్కడో ఒకచోట చెడతాయి. కన్వర్ట్ చేశాక పేర్లను, అంకెలను అసలు మెసేజ్‌తో పోల్చి చూసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.

## పొద్దున్నే విలేకరులతో మాట్లాడండి

చాలా చిన్న ఆఫీసుల్లో విలేకరి సాయంత్రం ఏది పంపితే అదే వార్త. పొద్దున పది నిమిషాల మాట ఈ పద్ధతిని మారుస్తుంది. ‘ఈరోజు ఏముంది?’ అని అడిగితే ‘ఎమ్మెల్యే శంకుస్థాపన ఉంది సార్’ అంటారు. ‘మీ మండలంలో జనం దేని గురించి మాట్లాడుకుంటున్నారు?’ అని అడిగి చూడండి. మూతపడిన ఆర్వో ప్లాంటు, డాక్టర్ రాని పీహెచ్‌సీ, తూకంలో తరుగు తీస్తున్న కొనుగోలు కేంద్రం అప్పుడు బయటికొస్తాయి. శంకుస్థాపన వార్త వేయొద్దని కాదు. అదే చోట గతంలో వేసిన శిలాఫలకం సంగతేమిటో కూడా కనుక్కుని రమ్మనండి.

## కాపీ వచ్చాక: దిద్దే ముందు చదవండి, చదివాక అడగండి

సాయంత్రం వాట్సాప్‌లో సాధారణంగా వచ్చే కాపీ ఇలా ఉంటుంది:

‘మండల పరిధిలోని గ్రామంలో విద్యుదాఘాతంతో రైతు మృతి చెందిన సంఘటన మంగళవారం చోటుచేసుకుంది. వివరాల్లోకి వెళితే.. గ్రామానికి చెందిన రైతు (48) పొలంలో మోటారు వేయడానికి వెళ్లి ప్రమాదవశాత్తూ విద్యుత్ తీగ తగిలి అక్కడికక్కడే మృతి చెందాడు. మృతునికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పోలీసులు కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తున్నారు.’

కొత్త సబ్ ఎడిటర్ దీన్ని చూసి ‘సంఘటన చోటుచేసుకుంది’, ‘వివరాల్లోకి వెళితే’ కొట్టేసి సింగిల్ కాలమ్‌లో పెట్టేస్తారు. భాష బాగుపడుతుంది గానీ వార్త అలాగే ఉండిపోతుంది. ఇక్కడ ఫోన్ తీయాలి. తగిలింది ఏ తీగ? మోటారు సర్వీస్ వైరా, స్తంభాల మీది లైనా? తెగి పడిందా, కిందికి వేలాడుతోందా? వేలాడుతుంటే ఎన్నాళ్లుగా? లైన్‌మన్‌కు ఎవరైనా చెప్పారా? చెప్పినట్టు ఫోన్ రికార్డో, అర్జీ కాపీనో ఉందా? ఏఈ ఏమంటున్నారు? ఆయన పడిపోవడం చూసింది ఎవరు? పొలం సొంతమా, కౌలా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమా కింద రూ.5 లక్షలు అందేది పట్టాదారు పాసుపుస్తకం ఉన్న 18–59 ఏళ్ల రైతు కుటుంబాలకే. చనిపోయినాయన కౌలు రైతైతే ఆ కుటుంబానికి ఆ డబ్బు రాదు. ఇంత పెద్ద విషయం ‘రైతు’ అన్న ఒక్క మాట వెనక ఉండిపోతుంది.

‘ప్రమాదవశాత్తూ’ అనే మాట చూడండి. అది మనం ఇచ్చేసిన తీర్పు. తీగ రెండు వారాలుగా వేలాడుతుంటే దాన్ని నిర్లక్ష్యం అనొచ్చేమో, ఇంకేదైనా కావచ్చేమో. తేలేదాకా ఆ మాట అక్కర్లేదు. జవాబులు రాబట్టి, అర్జీ కాపీ చూసి, ఏఈతో మాట్లాడాక ఇంట్రో (వార్త మొదటి వాక్యాలు) దానంతటదే మారుతుంది: ‘వేలాడుతున్న విద్యుత్ తీగను సరిచేయాలని రైతులు రెండు వారాల కిందటే అర్జీ ఇచ్చారు. మంగళవారం ఉదయం అదే తీగ తగిలి కౌలు రైతు (48) చనిపోయారు.’ ఇది సింగిల్ కాలమ్ వార్త కాదు, పేజీకి లీడ్, అంటే ప్రధాన వార్త.

అన్ని వార్తలకూ ఇంత సమయం ఉండదు. రోజుకు రెండు మూడు కాపీలు ఎంచుకుని ఇలా అడగండి. ప్రెస్‌నోట్లు, వర్ధంతులు, బదిలీలు, ఆటల పోటీలు వేగంగా పోనివ్వండి. కానీ ‘తదితరులు పాల్గొన్నారు’ అనే వాక్యాన్ని చులకన చేయొద్దు. ఆ పేర్ల కోసమే పత్రిక కొనే వాళ్లుంటారు. పేర్లు కుదించండి, కానీ వేసినవి తప్పుల్లేకుండా వేయండి.

విలేకరిని అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘ఇది కూడా తెలీదా’ అన్న గొంతుతో అడిగితే రెండోసారి ఊహించి చెప్పేస్తాడు. ‘తెలీదు సార్, కనుక్కుంటా’ అని చెప్పే ధైర్యం ఆయనకు మీ దగ్గర ఉండాలి. తెలియదన్నవాణ్ని ఎప్పుడూ తిట్టకండి.

## అంకెలు, కొలతలు, తేదీలు

స్థానిక వార్తల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. ఎకరాకు తెలంగాణలో 40 గుంటలు అంటారు, ఆంధ్రలో 100 సెంట్లు అంటారు. బస్తా అంటే ఒకచోట 75 కిలోలు, ఇంకోచోట 40 కిలోలు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. కాబట్టి దిగుబడి, ధర వార్తల్లో స్థానిక కొలతతోపాటు క్వింటాళ్లూ వేయండి.

వానాకాలంలో క్యూసెక్కు, టీఎంసీ కలగలిసిపోతాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే ప్రవాహం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే నిల్వ. దాదాపు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ‘జలాశయంలో 50 వేల క్యూసెక్కుల నీరు నిల్వ ఉంది’ అని కాపీ వస్తే అక్కడే ఆపాలి. మీ ప్రాంత జలాశయాల పూర్తి మట్టాలు గోడకు అంటించుకోండి. శ్రీశైలం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590 అడుగులు. అంతకు మించి అంకె వస్తే ముందు టైపింగ్ తప్పేమో చూడండి.

‘మంగళవారం అర్ధరాత్రి’ అంటే సోమవారం రాత్రి దాటాకా, మంగళవారం రాత్రి దాటాకా? కాపీ రాసినవారిని అడిగితే తప్ప తెలియదు. ‘సోమవారం రాత్రి 12.30 గంటల సమయంలో (తెల్లవారితే మంగళవారం)’ అని విడమరిచి రాయండి. దొంగతనం, ప్రమాదం, హత్య కేసుల్లో ఆ ఒక్క రోజు తేడాకే ఎవరో ఒకరు అనవసరంగా అనుమానం పాలవుతారు.

## ‘అన్నారు’ ఎవరికి, ‘అన్నాడు’ ఎవరికి?

మన కాపీల్లో కలెక్టర్ ‘అన్నారు’, కూలీ ‘అన్నాడు’. డాక్టర్ ‘చెప్పారు’, పారిశుద్ధ్య కార్మికురాలు ‘చెప్పింది’. అరెస్టయిన నాయకుడు ‘హాజరయ్యారు’, అరెస్టయిన ఆటో డ్రైవర్ ‘పారిపోయాడు’. ఎవరూ కావాలని రాయరు, చెయ్యి అలా అలవాటు పడింది. నా దృష్టిలో చిన్న పత్రిక స్టైల్ షీట్‌లో (రాత నియమాల పట్టికలో) మొట్టమొదట రాయాల్సిన నియమం ఇది: పెద్దవాళ్లందరికీ ఒకటే గౌరవం. నిందితుల విషయంలోనూ హోదా చూడకుండా ఒకటే పద్ధతి పెట్టుకోండి. ఈ మార్పును మీ పాఠకులు ఎవరూ చెప్పకుండానే గుర్తిస్తారు, ముఖ్యంగా ఇన్నాళ్లూ ‘అన్నాడు’ అనిపించుకున్నవాళ్లు.

యాస సంగతీ అంతే. ఇంటర్వ్యూలో రైతు మాట యాసలో ఉంచి, అధికారి మాట గ్రాంథికం చేసి రాస్తే ఒకరిని తక్కువ చేసినట్టే. ఉంచితే ఇద్దరిదీ ఉంచండి, లేదంటే ఇద్దరిదీ మామూలు భాషలోకి తెండి. కులం పేరు వార్తకు అవసరమైతేనే వేయండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు, సాంఘిక బహిష్కరణ లాంటి వాటిలో అవసరమే, దాస్తే అసలు నేరమే కనిపించదు. ‘వివాహిత అదృశ్యం’ లాంటి శీర్షికలు వచ్చినప్పుడు, పురుషుడైతే ‘వివాహితుడు అదృశ్యం’ అని పెట్టేవాళ్లమా అని ఒకసారి ఆలోచించండి.

## క్రైమ్ వార్త: ఇక్కడ తొందర పనికిరాదు

మొదటి జాగ్రత్త మాటల్లో. కోర్టు శిక్ష వేసేదాకా ‘నిందితుడు’. ‘కీచక టీచర్’, ‘ప్రేమోన్మాది’, ‘కసాయి తండ్రి’ లాంటి శీర్షికలు అరెస్టు రోజునే మనిషిని దోషిగా తేల్చేస్తాయి. రేపు కేసు కొట్టేస్తే ఆ కటింగ్ మాత్రం ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. ‘విచారణలో నేరం ఒప్పుకున్నాడు’ అనే వాక్యం క్రైమ్ కాపీలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో నిందితుడిపై సాక్ష్యంగా చెల్లదు. కాబట్టి వేయాల్సి వస్తే ‘ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు’ అని వేయండి, శీర్షికలోకి మాత్రం తేవొద్దు.

స్టేషన్ నుంచి నోటి మాటగా వచ్చిన దానికంటే ఎఫ్ఐఆర్ చదవడం మేలు. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. అయితే ఎఫ్ఐఆర్ కూడా ఫిర్యాదుదారు చెప్పిన మాటే. ‘ఫిర్యాదులో పేర్కొన్నారు’ అనే ఆధారం వాక్యంలో ఉండాలి.

పిల్లల మీద లైంగిక నేరాల విషయంలో గీత దాటకూడదు. పోక్సో చట్టం (2012) 23వ సెక్షన్ పేరు, ఫొటో ఒక్కటే కాదు, చిరునామా, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, ఆనవాలు పట్టించే మరే వివరమైనా వేయకూడదంటుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు పడొచ్చు. రాసినవారి తప్పుకు ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులే. హైదరాబాద్‌లో ‘ఓ కాలనీకి చెందిన బాలిక’ అంటే ఎవరికీ తెలియదు. మన దగ్గర ఊరి పేరు, చదివే తరగతి, తండ్రి చేసే పని వేస్తే పేరు లేకపోయినా ఊరంతటికీ ఎవరో తెలిసిపోతుంది. నిందితుడు బంధువైతే ‘మేనమామ’ అని, అతని పేరు కలిపి రాసినా అంతే. ఇలాంటి వార్తల్లో మండలం పేరు కూడా తీసేసి, జిల్లా దగ్గరే ఆగండి. విలేకరి ‘అందరికీ తెలిసిందే కదా సార్’ అంటాడు. అందరికీ తెలిసినా పత్రికలో అచ్చయితే ఆ పాప పెద్దయ్యాక కూడా ఆ కాగితం ఉంటుంది.

అత్యాచార బాధితురాలి గుర్తింపు వెల్లడించడం కూడా భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. బాధితురాలు చనిపోయినా ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఏదో కేసులో పట్టుబడిన పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల పేర్లు, ఫొటోలు కూడా బాల న్యాయ చట్టం (2015) 74వ సెక్షన్ ప్రకారం వేయకూడదు.

నిందితుడి పేరు వేసేటప్పుడు ఇంటిపేరు, వయసు, ఊరు కలిపి వేయండి. ఒకే ఊళ్లో అదే పేరున్నవాళ్లు నలుగురుంటారు. వాళ్లకు సంబంధాలు చూస్తుంటారు, ఉద్యోగాలకు వెళ్తుంటారు.

## ఆత్మహత్య వార్తలు

ఇంటర్ ఫలితాల రోజున, పంట నష్టాల కాలంలో ఇవి వరుసగా వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆచరణలో చేయాల్సింది ఇంతే: పద్ధతి, వాడిన వస్తువు వివరంగా రాయొద్దు. ఫొటో, లేఖ ప్రచురించొద్దు. ‘మార్కులు తగ్గాయని’, ‘అమ్మ తిట్టిందని’ అని ఒక్క కారణాన్ని శీర్షికలో పెట్టొద్దు. కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదు, పైగా ఆ శీర్షికతో ఆ తల్లి జీవితాంతం బతకాలి. చివర్లో టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 వేయండి. అప్పులు, కౌలు, నకిలీ విత్తనాలు లాంటి వ్యవస్థ లోపం ఉంటే దాన్ని విడిగా, లోతుగా రాయించండి. అది ఇంకా బలమైన వార్త.

## అవతలివాళ్ల మాట

ఎవరిమీద ఆరోపణ వేస్తున్నామో వాళ్ల వివరణ లేకుండా పేజీ మూయకూడదు. తొమ్మిదింటికి ఫోన్ చేసి పదింటికి ‘స్పందించలేదు’ అని వేయడం న్యాయం కాదు. మధ్యాహ్నమే ఫోన్ చేయించండి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టించండి, ఆ టైమ్ రాసి ఉంచండి. పరువు నష్టం నోటీసు వచ్చిన రోజు మిమ్మల్ని కాపాడేది అర్జీ కాపీ, ఆ మెసేజ్, విలేకరి నోట్‌బుక్. అందుకే పెద్ద వార్తల ఆధారాలు విలేకరి ఫోన్లోనే వదిలేయకుండా ఆఫీసు కంప్యూటర్‌లో తేదీవారీగా దాచండి. ఏ విషయం ప్రచురించాలో ఎంపిక చేసే వ్యక్తినే చట్టం ఎడిటర్‌గా చూస్తుంది. ‘రాసింది విలేకరి’ అంటే కుదరదు.

అధికారులు కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు రుసుము రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయాల్లో లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. 30 రోజుల్లో జవాబు రావాలి. నెలకొక దరఖాస్తు వేసినా ఏడాదికి పన్నెండు సొంత వార్తలు.

## ప్రకటనలు, విలేకరి జీతం

ఇది మాట్లాడకుండా చిన్న పత్రికల గురించి రాయడం కుదరదు. చాలామంది మండల విలేకరులకు జీతం ఉండదు, ఉన్నా పెట్రోలుకే చాలదు. జనవరి 26కి, ఆగస్టు 15కి స్థానిక నాయకుల దగ్గర, వ్యాపారుల దగ్గర ప్రకటనలు తెచ్చి, ఆ కమీషన్‌తో బతుకుతారు. రేపు ఆ వ్యాపారి మీదే వార్త రాయమంటే ఎలా రాస్తారు? యాజమాన్యం విధానం మీ చేతుల్లో లేకపోవచ్చు. మీ చేతుల్లో ఉన్నది చేయండి. ప్రకటన తెచ్చిన విలేకరికి ఆ మనిషి మీద వార్త, అనుకూలమైనా వ్యతిరేకమైనా, అప్పగించకండి. పక్క మండలం విలేకరితోనో, డెస్క్ నుంచి ఫోన్ మీదనో చేయించండి. ఎవరైనా ‘మీ విలేకరి డబ్బులు అడిగాడు’ అంటే అదే రోజు ఇద్దరి మాటా వినండి. లైన్ అకౌంట్ (అచ్చయిన వార్త కొలతను బట్టి విలేకరికి ఇచ్చే) డబ్బులు ఆలస్యమైతే విలేకరి తరఫున యాజమాన్యంతో పోట్లాడాల్సింది కూడా మీరే. ఇసుక, మట్టి, గంజాయి వార్తలకు ఒంటరిగా పంపకండి. బెదిరింపు ఉన్నచోట బైలైన్ (వార్త మీద రాసినవారి పేరు) తీసేసి డెస్క్ పేరుతో వేయండి.

ఎన్నికలప్పుడు డబ్బు తీసుకుని వేసింది ఏదైనా ‘ప్రకటన’ అని స్పష్టంగా ఉండాలి. పెయిడ్ న్యూస్‌ను జిల్లా స్థాయి మీడియా కమిటీలు పరిశీలిస్తాయి.

## శీర్షిక, ఫొటో, పేజీ

శీర్షికలో ఉన్నది వార్తలో ఉండాలి, ఆశ్చర్యార్థకం చివర పెట్టి ఆరోపణ బాధ్యత నుంచి తప్పించుకోవద్దు. ఫొటో ఎప్పటిదో, ఎవరు తీశారో విలేకరిని అడగండి, క్యాప్షన్‌లో పేర్లు ఎడమ నుంచి ఇవ్వండి, మృతదేహాలు చూపించొద్దు. పేజీ ప్రింట్ తీసి, దాని మీద వేరే మనిషి పేర్లు, అంకెలు, ఫోన్ నంబర్లు మాత్రమే చదవాలి. స్క్రీన్ మీద కనపడని తప్పులు కాగితం మీద కనపడతాయి.

## ఫోన్‌లో ముందు వేసేటప్పుడు

రోడ్డు ప్రమాదం ఫొటో పది నిమిషాల్లో గ్రూపుల్లోకి వచ్చేస్తుంది, ‘మనమే వెనకబడ్డాం’ అని టెన్షన్ మొదలవుతుంది. ప్రమాదం జరిగిందని, రోడ్డు మూసుకుపోయిందని వెంటనే వేయండి. మృతుల పేర్లు మాత్రం కుటుంబానికి కబురు చేరిందని పోలీసులో, ఆస్పత్రివాళ్లో చెప్పాకే. కువైట్‌లోనో, డల్లాస్‌లోనో ఉన్న కొడుకు తండ్రి చావును మన పోస్టులో చూసే పరిస్థితి రానివ్వకూడదు. వెబ్‌లో వార్త మార్చితే ఏ సమయానికి ఏం మార్చారో కింద రాయండి. డిజిటల్ వార్తలకు ఫిర్యాదుల అధికారి ఉండాలని, 15 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. మీ లోగోతో నకిలీ కటింగ్ తిరుగుతుంటే మౌనంగా ఉండకుండా ‘ఇది మేం ప్రచురించింది కాదు’ అని అదే రోజు పెట్టండి.

## మరుసటి ఉదయం

పేపర్‌ను పాఠకుడిలా మొదటి నుంచి చివరిదాకా చదవండి. తప్పు దొర్లితే సవరణ మరుసటి సంచికలోనే, తప్పు వచ్చిన పేజీలోనే వేయండి. ‘ముద్రణ లోపం’ అని దాటేయకుండా ‘ఫలానా తేదీ వార్తలో వయసు 34 అని వచ్చింది, సరైనది 43’ అని వేయండి. తప్పు పడిన కుటుంబానికి మీరే ఫోన్ చేయండి, విలేకరితో చేయించకండి.

తర్వాత ఫాలోఅప్ డైరీ తెరవండి. విద్యుత్ తీగ వార్త వేశాం కదా, వారం తర్వాతి తేదీలో ‘తీగ మార్చారా?’ అని రాయండి. సమాచార హక్కు దరఖాస్తు వేసిన తేదీకి 30 రోజులు కలిపి రాయండి. పరిహారం ఇస్తామని ఏఈ చెప్పిన తేదీ, కేసు వాయిదా తేదీ, కొత్త ఆర్వో ప్లాంటు ప్రారంభిస్తామన్న తేదీ, అన్నీ విలేకరి పేరుతో సహా రాయండి. ఆ తేదీ వచ్చిన పొద్దున ఆ విలేకరికి చేసే ఫోన్‌లో మొదటి ప్రశ్న దాని గురించే అడగండి.